ఎల్లేశం గొర్ల ఇంగ్లీషు

దేవరకొండ దగ్గర గొర్లు కాచుకునే ఎల్లేశానికి ఇంగ్లీషు పిచ్చి పట్టింది కోర్టులోనే. మంద వాగుకు పోయే బాటను పక్క చేను గోపాల్ ముళ్లకంచెతో మూసేస్తే కేసు వేశాడు. తొలి వాయిదా నాడు వకీళ్లిద్దరూ జడ్జి గారితో ఇంగ్లీషులో ఏదో మాట్లాడి, నవ్వుకుని, మళ్లీ రమ్మన్నారు. తన బాట మీద తనకు తెలియకుండా నవ్వుకోవడం ఎల్లేశానికి ఒళ్లు మండించింది.

"తెలుగుల జెప్తె వినెటోడెవడు? ఇంగ్లీషుల జెప్పాలె," అన్నాడు భార్య నాగరాణితో.

"గొర్లకాడ గూడ ఇంగ్లీషేనా ఇగ?" అందామె.

గొర్ల దగ్గరే నేర్చుకున్నాడు. మనుషుల గుణాలకూ కోర్టు వ్యవహారాలకూ ఇంగ్లీషు మాటలు చెప్పే సెల్‌ఫోన్ పాఠాలను మేపుతూ వినేవాడు. పొద్దున విన్నది సాయంత్రానికి గాలికి పోయేది. గొర్రె ముఖాన్ని మాత్రం ఏ కాపరీ మరిచిపోడు కదా! అందుకని ఒక్కో మాటను ఒక్కో గొర్రెకు పేరుగా పెట్టాడు. తిన్నగా నడిచేది హానెస్ట్. పక్కదానికి మేత వదిలేది జనరస్. తల వంచుకుని పోయేది హంబుల్. చేలల్లో దూరేది గ్రీడీ, పిల్లల్ని కుమ్మేది క్రూయెల్, పొగరుబోతు పొట్టేలు ఆరగెంట్. వాయిదాలు పడుతూ అన్నిటికన్నా ఆఖర్న దొడ్డి చేరే కుంటిది అడ్జర్న్‌డ్. నాగరాణి కూడా నీళ్లు పెట్టేటప్పుడు ఆ పేర్లతోనే తిట్టేది.

ఎండలు ముదిరాయి. వాగుకు చుట్టుదారిన తిప్పలేక కొన్నింటిని అంగడికి తోలక తప్పలేదు. అమ్మాల్సి వస్తే ఎవరైనా దుడుకువాటినే ముందు వదిలించుకుంటారు. గ్రీడీ, క్రూయెల్, ఆరగెంట్ ఒకే బండెక్కి పోయాయి.

సాక్ష్యం నాడు గోపాల్ వకీలు తెలుగులోనే అడిగాడు. "గోపాల్ ఎలాంటి మనిషయ్యా?"

ఇన్నాళ్ల చదువు అక్కరకొచ్చే ఘడియ ఇదేనని ఎల్లేశం కళ్లు మూసుకుని మందను తలచుకున్నాడు. గొర్లు దొడ్డిలోంచి వరసగా బయటికొచ్చాయి.

"హానెస్ట్ సార్. జనరస్. హంబుల్..."

ఇంకా వెతికాడు. చెడ్డ మాట మందలో ఒక్కటీ లేదు.

"రాసుకోండి సార్, కేసు వేసినవాడే చెప్తున్నాడు!" అని వకీలు పొంగిపోయాడు. కోర్టంతా నవ్వింది. వెనక బెంచీ మీదున్న నాగరాణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"సారూ, గవి మా గొర్ల గుణాలు!" అంటూ లేచింది. "గోపాల్‌కు సరిపోయెటియి నీళ్లు లేక అంగట్ల అమ్ముకున్నం. బాట సంగతి తెలుగుల అడుగుండ్రి, నేను జెప్త!"

జడ్జి గారు ఆమెను కూర్చోమన్నారు. గోడ గడియారం చూశారు. "అడ్జర్న్‌డ్," అన్నారు.

ఆ మాట మొగుడూ పెళ్లాలకు వెంటనే అర్థమైంది.

"పా, గొర్లు నీళ్లు లేక దూప మీదుంటయి," అన్నాడు ఎల్లేశం తల వంచుకుని.

"మన కుంటిదే నయం," అంది నాగరాణి మెట్లు దిగుతూ. "పొద్దుగూకేసరికన్న దొడ్డి జేరుతది."