నర్సు చదువుకి మా అత్త ఆడిన బేరం

ఆ రోజుల్లో మా సముద్రం ఒడ్డు పల్లెల్లో, ఇరవై రెండేళ్లకే ఒక ఆడమనిషి బతుకు ముగిసిపోయిందని తేల్చి చెప్పడానికి ఎప్పుడూ ఓ పదిమంది తీరిగ్గా దొరికేవారు. వాళ్లవి చెడ్డ మనసులేం కావు. వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు, నన్నూ నా నాలుగేళ్ల కూతురు బుడ్డినీ మార్చి మార్చి చూసేవారు, నిట్టూర్చేవారు, చుట్ట వెలిగించుకుని (మా వైపు పెద్ద ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని మరీ కాలుస్తారు) ఇంకోసారి నిట్టూర్చి లేచి వెళ్లేవారు. తుఫాను ముందు వేటకెళ్లిన పడవ తిరిగొచ్చింది గాని దాంతోపాటు మా ఆయన రాలేదు. అది జరిగి అప్పటికి ఏడాది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిట్టూర్పులే నన్ను చదివించాయేమో అనిపిస్తుంది. రోజూ వాటిని వింటూ కూర్చోవడం కన్నా ఏ పరీక్షయినా సులువే.

మా అత్త మాత్రం నిట్టూర్చే రకం కాదు. తెల్లారకుండా గంప నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, శ్రీకాకుళం బజారులో చేపలమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. కొడుకు పోయిన దుఃఖం ఎక్కడ దాచుకుందో నాకు తెలీదు, నా ముందు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఒక రోజు వలలు ఆరేసిన చోట నా పక్కన చతికిలబడి, "ఒసే, నీకు సదువొచ్చు గదా. ఆ సదువుతో ఏటి సెయ్యొచ్చో సెప్పు," అంది.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళంలో ఒక బళ్లో బంట్రోతు. ఆ పుణ్యాన మా వాళ్లలో ఏ ఆడపిల్లా చూడని పదకొండో తరగతి దాకా వెళ్లి, అక్కడ లెక్కల్లో తప్పాను. తప్పిన నెలకే నా పెళ్లయింది. (ఆ రెంటికీ సంబంధం లేదని మా నాన్న చివరిదాకా అనేవాడు.)

"నర్సునవుతానత్తా," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. బుడ్డికి విరేచనాలు పట్టుకుని శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నాలుగు రోజులున్నప్పుడు అక్కడొక నర్సమ్మని చూశాను. తెల్ల చీర, నెత్తిన గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల టోపీ. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే మూలిగేవాళ్లు కూడా కాస్త పద్ధతిగా మూలిగేవారు. రోగుల సేవ చూసి మనసు కరిగిందని ఇప్పుడు ఎంతయినా చెప్పుకోవచ్చు. నిజానికి నాకు నచ్చింది ఆ టోపీ.

మర్నాడు గంప ఖాళీ అయ్యాక అత్తా నేనూ ఆ నర్సమ్మ దగ్గరికే వెళ్లాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. టోపీ చదువు విశాఖపట్నంలో, మూడేళ్లు. పదకొండో తరగతి పాసయి ఉండాలి.

"మూడేళ్లేటి తల్లీ? రెండుకి రాదా?" అంది అత్త.

నర్సమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. లెక్కల పరీక్ష మళ్లీ రాయాలంటే ట్యుటోరియల్‌లో చేరాలి, దానికి ఫీజు, ఆ ఏడాదంతా తిండి. ఆ తర్వాత మూడేళ్లు. బుడ్డికి ఎనిమిదేళ్లొచ్చేదాకా మా అత్త గంప మీదే మేం ముగ్గురం బతకాలి.

అక్కణ్నించి బజారు వెనకాల ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి కాంపౌండరు మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఫీజు కడితే ఏడాదిలో నర్సుని చేసేస్తామన్నాడు. టోపీ కూడా ఇస్తామన్నాడు. నేను అప్పుడే సగం నర్సునైపోయాను. అత్త మాత్రం ఆయన చూపించిన సర్టిఫికెట్టు అందుకుని, అక్షరం ముక్క రాకపోయినా అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి, చేప మొప్ప ఎత్తి చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఈ కాయితం సూసి సర్కారోళ్లు ఉజ్జోగమిస్తారేటి?"

"సర్కారెందుకమ్మా, మేమే ఇస్తాం," అన్నాడాయన.

పక్కనే నెత్తిన టోపీ ఉన్న ఒక పిల్ల వరండా ఊడుస్తోంది. అత్త అటు తిరిగి, "అమ్మీ, నువ్వెప్పుడు పాసయ్యేవు?" అని అడిగింది. "రెండేళ్లయిపోనాది పిన్నీ," అంది ఆ పిల్ల చీపురు ఆపకుండా. అత్త కాయితం మడతపడకుండా జాగ్రత్తగా తిరిగిచ్చేసి, బయటికొచ్చాక, "సేప పాడయిపోనాది. నీళ్లు సల్లి అమ్ముతన్నాడు," అంది.

ఇక మిగిలింది విజయనగరం. నర్సమ్మ ఆ మాట కూడా చెప్పే పంపింది. అక్కడ రెండేళ్ల శిక్షణ. ఎనిమిది పాసైతే చాలు. హాస్టలు, భోజనం వాళ్లదే, పైపెచ్చు నెలనెలా చేతికి కొంత ఇస్తారు. నేర్పేది పల్లెల్లో పురుళ్లు పొయ్యడం, టీకాలు వెయ్యడం. పాసైతే సర్కారు ఉద్యోగం. టోపీ మాత్రం ఉండదు. బస్సులో ఇంటికొస్తూ నేను అదే గొణిగాను. అత్త ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని చాలాసేపు విని, "టోపీ నెత్తినెట్టుకుంతావా, కూడు నోట్లోకెట్టుకుంతావా, అది సెప్పు ముందు," అని కళ్లు మూసుకుంది. నేను రెండు రోజులు అలిగాను. మూడో రోజు నిట్టూర్చేవాళ్లు ఇద్దరు ఇసకలో మా ఇంటివైపు నడిచొస్తుంటే కిటికీలోంచి చూశాను. వాళ్లు అరుగెక్కేలోగా దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను.

ఆ వచ్చినవాళ్లే, నేనేం రాస్తున్నానో తెలుసుకుని, "పిల్లలున్నోళ్లని తీసుకోరట కదే," అన్నారు. ఎవరన్నారో, ఎక్కడన్నారో నేను అడగలేదు. దరఖాస్తులో సంతానం అన్న చోట ఖాళీ వదిలేశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నా తెలివి నన్ను ఊరుకోనివ్వలేదు. ఇంటర్వ్యూకి పెద్దదిక్కు కూడా రావాలని కబురొచ్చింది. అత్తని తీసుకెళ్తే బుడ్డిని ఎవరి దగ్గరా వదల్లేం, కాబట్టి బుడ్డి అత్త కూతురు, నాకు ఆడపడుచు అని చెబుదామన్నాను. "ఈ వయసులో నాకు పురుడేటే?" అని అత్త మొత్తుకుంది. నేను వినలేదు. ఆమదాలవలసలో రైలెక్కిన దగ్గర్నుంచి బుడ్డికి పాఠం చెబుతూనే ఉన్నాను. మామ్మని అమ్మా అనాలి, నన్ను అప్పా అనాలి. (మా వైపు అక్కని అప్ప అంటాం. వదిన అనే మాట దానికి నోరు తిరగలేదు.) చీపురుపల్లిలో ఎక్కిన ఒకామె వేరుశనగ గింజలిచ్చి, "మీ యమ్మేదే?" అంటే బుడ్డి ఠక్కున మామ్మని చూపించింది. దాని తెలివికి నేను పొంగిపోయాను. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

విజయనగరంలో ఇంటర్వ్యూ చేసింది ఒక పెద్ద సిస్టరమ్మ. గోదావరి వైపు మనిషి, సన్నటి కళ్లద్దాలు. నర్సు పనే ఎందుకని అడిగింది. రోగుల సేవ గురించి బట్టీపట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పాను. "పొద్దుటినుంచి అందరూ ఇదే చెబుతున్నారు. ఇంకేమైనా ఉంటే చెప్పు," అంది. "ఇంట్లో కూర్చోలేనండి," అన్నాను. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. ఏదో రాసుకుని పెద్దదిక్కుని పిలవమంది. అత్త, ఆమె కొంగు పట్టుకుని బుడ్డి, లోపలికొచ్చారు.

"ఈ పాపెవరు?"

"నా కూతురే, తల్లీ."

ఆ ఇచ్చాపురం నుంచి ఈ అనకాపల్లి దాకా ఎందరికి పురుళ్లు పోసి ఉంటుందో ఆవిడ. మా అత్తని నెరిసిన ముడి దగ్గర్నుంచి పాదాల దాకా ఒకసారి చూసింది. "పురుడు ఏ ఆసుపత్రిలో?"

"ఇంట్లోనే. తేలిగ్గానే అయిపోనాది."

"పాపకెన్నేళ్లు?"

"నాలుగు."

"మీ ఆయనేం చేస్తాడు?"

ఈ ప్రశ్నకి నేను జవాబు నేర్పలేదు. నేర్పని చోట మా అత్త నిజమే చెబుతుంది. "నా మొగుడా? పోనాడు తల్లీ. ఆరేళ్లయింది."

లెక్కల్లో తప్పిన నాకు కూడా ఆ లెక్క వెంటనే తెలిసిపోయింది. పరిస్థితి బాగోలేదని బుడ్డికీ అర్థమై, పాపం, సాయానికొచ్చింది. నన్ను చూపించి, "ఆవిడ మా యమ్మ కాదు. అప్ప. అడిగితే అలాగే సెప్పమన్నాది," అంది.

నేను లేచి నిలబడ్డాను. "నా కూతురేనండి. అబద్ధం నాది, మా అత్తది కాదు. పిల్లలున్నవాళ్లని తీసుకోరని ఎవరో అంటే భయపడ్డాను. ఈసారి తీసుకోకపోతే వచ్చే ఏడు వస్తాను. ఆ పై ఏడూ వస్తాను. ఇంక దాన్ని దాచను," అన్నాను.

పెద్ద సిస్టరమ్మ నా దరఖాస్తు మీద, ఆ ఖాళీ చోట వేలు పెట్టింది. "పిల్లలున్నవాళ్లని తీసుకోం అని మేం ఎక్కడా అనలేదు. హాస్టల్లో పిల్లల్ని ఉంచనివ్వం, అంతే. ఇది ఖాళీగా ఉన్నప్పుడే అనుమానం వచ్చింది. రేపు రోగి చీటీలో జ్వరం ఎంతో రాయడానికి భయమేసి ఖాళీ వదిలేస్తే ఏమవుతుందో తెలుసా?" అంది. నేను తల వంచుకున్నాను. "సరే. ఈ రెండేళ్లు పాపనెవరు చూస్తారు?"

"నా కొడుకు బిడ్డ. నాను కాక మరెవులు సూస్తారు?" అంది అత్త. కొడుకు అనే మాట ఏడాదిలో ఆమె నోట నేను విన్నది అదే మొదలు. కొంగుతో ముఖం ఒకసారి తుడుచుకుంది. మరుక్షణం బజారులో మనిషైపోయింది. "రెండేళ్లంటన్నారు. ఏడాదిన్నరకి తెగదా తల్లీ?"

"తెగదు."

"పోనీ ఆదివారం ఆదివారం ఇంటికి పంపుతారా?"

"పంపం. మీరొచ్చి చూడొచ్చు."

"గుంటని తేవొచ్చా?" అంటూ బుడ్డి తల మీద చెయ్యేసింది.

"తేవచ్చు."

"అయితే ఖాయం," అని అత్త చెయ్యి చాపింది. పెద్ద సిస్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ఆ చేతి కిందికి సిరా దిమ్మ జరిపింది. నేను సంతానం దగ్గర 'ఒక కూతురు' అని రాశాను. కింద మా అత్త వేలిముద్ర పడింది.

ఆ రెండేళ్లూ గడిచాయి. రైలు పాఠం బుడ్డికి ఎంత బాగా ఎక్కిందంటే, ఆరు నెలల పాటు ఆదివారాల్లో వచ్చినప్పుడల్లా నన్ను అప్పా అనే పిలిచింది. తోటి అమ్మాయిలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. అత్తా బుడ్డీ వెళ్లాక గదిలోకి పోయి దుప్పటి మడతలు సరిచేసుకునేదాన్ని. అమ్మా అని అది మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు సరిగ్గా గుర్తులేదు. తర్వాత సాలూరు అవతల కొండవారన ఒక ఊళ్లో ఉద్యోగమొచ్చింది. అత్తా బుడ్డీ నాతోనే వచ్చేశారు. ఎన్నో ఊళ్లు తిరిగాను, లెక్కపెట్టనన్ని పురుళ్లు పోశాను, రిటైరయ్యాను. టోపీ పెట్టుకునే యోగం రాలేదు. చివరికొచ్చేసరికి వార్డుల్లో అది పెట్టుకునేవాళ్లే తగ్గిపోయారు.

ఇన్నేళ్ల సర్వీసులో గుర్తుంచుకోదగ్గవి ఎన్ని జరిగినా, నాకు ఎక్కువగా గుర్తొచ్చేది శిక్షణలో చేరిన రోజు. అత్త బుడ్డిని చంకనేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా స్టేషనుకి వెళ్లిపోయింది. నేను ట్రంకుపెట్టెతో లోపలికెళ్లి వరసలో నిలబడ్డాను. హాజరు పుస్తకంతో వచ్చినామె, "నీ పేరేంటమ్మా?" అని మెల్లగానే అడిగింది. నేను మిలిటరీలో చేరినదానిలా నిటారుగా నిలబడి, మేడ మీదవాళ్లు కిందికి తొంగిచూసేంత గట్టిగా నా పేరు చెప్పాను. వరసంతా నవ్వింది. ఎంత పొగరో ఈ పల్లెటూరి పిల్లకి అనుకున్నారట, తర్వాత చెప్పారు. పొగరేననుకుని నేను కూడా చాలాకాలం కాస్త గర్వపడ్డాను. ఈ వయసులో తెలుస్తోంది, ఆ పిల్ల ఆ రోజు అంతకన్నా మెల్లగా చెబితే ఏడ్చేసి ఉండేది.