మామయ్య తీసుకెళ్లిన రెండు మోటార్లు

మా మామయ్య మోటార్లకు వైండింగ్ చేస్తాడు, అంటే కాలిపోయినవాటికి కొత్త తీగ చుడతాడు. అందరూ ఆయన్ని నిదానం మేస్త్రి అంటారు. కాలిపోయిన మోటారు ఇస్తే మిగతా షాపులవాళ్లు మంటపెట్టి, పాత తీగ ఊడబెరికి, పూటలో పని కానిచ్చేస్తారు. ఈయన మందులో నానబెట్టి ఒక్కో తీగా లాగుతూ మూడు రోజులు కూర్చుంటాడు. మంటపెడితే లోపలి ఇనుప రేకులు దెబ్బతిని, మోటారు జీవితాంతం ఎక్కువ కరెంటు తాగుతుందని చెప్పి చెప్పి ఆయన నోరు పడిపోయింది. విన్నవాళ్లు తలూపి పక్క షాపుకి పోయేవారు. చివరికి అత్తయ్య తెగేసి చెప్పింది, ఈ నెలాఖరుకి షాపు మూసెయ్యమని.

అప్పుడొచ్చింది శాసనసభలోకి విద్యుత్ పొదుపు బిల్లు! మంటపెట్టడం నిషేధమని అందులో ఒక్క వాక్యం. అది ఉంటే షాపు ఉన్నట్టు, కొట్టేస్తే మూతపడ్డట్టు. పాలకపక్షం, ప్రతిపక్షం కలిసున్న కమిటీ ఆ తేడా చూపించమని మామయ్యను పిలిచింది. వాళ్లా, ఉప్పూ నిప్పూ! మోటార్లు మోసింది నేను.

ఒకే సైజు మోటార్లు రెండూ, ఒకటి నానబెట్టి చుట్టింది, రెండోది మంటపెట్టి చుట్టింది, కమిటీ బల్లమీద తిరిగాయి. రెండోదాని కరెంటు మీటరు చూస్తే కళ్లు తిరిగాయి.

"దాన్ని తగలబెట్టిన ఘనుడెవరు మేస్త్రీ?" అంది ప్రతిపక్షం పెద్దావిడ.

పక్క షాపు పేరు చెప్పెయ్ మామయ్యా అని లోలోపల ఒకటే గోల పెట్టాను.

"నేనేనండి," అన్నాడాయన. "కొత్తలో తొందరపడ్డా. ఇరవై ఏళ్లు ఒక మిల్లులో తిరిగింది. మొన్న మంచిది బిగించి, దీన్ని తెచ్చుకున్నా. ఇలాంటివి ఇంకెన్ని చేశానో నాకే తెలీదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ గదిలో తప్పు నాదన్నవాణ్ణి ఇవాళే చూశా," అన్నాడు పాలకపక్షపు అధ్యక్షుడు.

"మీ మాట ఒప్పుకోవడం నాకూ ఇదే మొదలు," అంది పెద్దావిడ. గదంతా గొల్లున నవ్వింది.

ఆ వాక్యం ఉంచాలన్నవాళ్లు చేతులెత్తమంటే అటు చేతులూ ఇటు చేతులూ టపటపా లేచాయి. సభ్యులు పదకొండు మంది, చేతులు పన్నెండు. గుమాస్తా రెండుసార్లు లెక్కపెట్టి, "మేస్త్రిగారూ, మీది దించండి," అన్నాడు.

ఇరుపక్షాలూ ఒప్పుకున్నాక సభలో దానికిక అడ్డేముంది! ఆనందం పట్టలేక వరండాలోకి పరిగెత్తి అత్తయ్యకి ఫోన్ చేశాను.



"సరేలే," అంది అత్తయ్య. "ఇక పని ముంచెత్తుతుంది. మీ మామయ్య ఒక్కడివల్ల ఏమవుతుంది? రేపట్నుంచి నేనూ కూర్చుని తీగ లాగుతా."