ఫార్సీలో పరేషాన్

నాన్న రిపోర్టు గురించి ఆసుపత్రి నుంచి ఫోన్ రావాలి. కొండాపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మొహం మీద పడే జుట్టును విసుగ్గా తోసేస్తూ, మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాను.

"ఎందుకమ్మా గంత పరేషాన్?" అంది పక్కసీటామె.

నేను ఫోన్ మళ్లీ ఒకసారి చూసుకున్నాను. ఆమే అందుకుంది.

"నేను కాలేజీల ఫార్సీ చెప్త. ఆ భాషల పరేషాన్ అంటే చెదిరిపోయిందని. గాలికి చెదిరిన జుట్టును గూడ గట్లనే అంటరు. టర్కీ వాళ్లు బతుకు ఆగమైతే అంటరు. మన తెలుగుల మనసుకు పెట్టుకున్నం."

తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి నా చేతిలో పెట్టింది.

"మనసు సంగతి నాకు తెల్వదు. జుట్టయితే కట్టుకో."

కట్టుకున్నాను. తరువాతి స్టాపులో ఆమె చెదిరిన జుట్టుతో దిగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

ఇప్పటికీ ఆసుపత్రి నంబరు కనిపిస్తే, ఎత్తే ముందు నా చెయ్యి జుట్టు మీదికే పోతుంది.