నాలుగేండ్లు నడిచేట్ల

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం ఉదయం, పెనుకొండ దగ్గర రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉన్నవాళ్లు: మా తాత, మా నాయన, షెడ్డు మేస్త్రి, కారు వెనక సీట్లో మా అవ్వ, అవ్వ పక్కన నేను. ఉన్నవి: బానెట్ ఎత్తిపెట్టిన మా పాత తెల్ల కారు, దాన్ని అక్కడిదాకా లాక్కొచ్చిన తాడు, అవ్వ ఆస్పత్రి సంచి, నా చేతిలో చిన్న నీళ్ల సీసా.

అవ్వకు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు ధర్మవరం నుంచి హిందూపురం ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. మా అత్త ఇల్లు ఆ ఆస్పత్రి వెనకే కాబట్టి అక్కడికే వెళ్లేవాళ్లం. అవ్వ నీళ్లు కూడా కొలిచి తాగాలి. ఆమె అడిగినప్పుడు సీసా మూతలో పోసి ఇవ్వడం నా పని. తాత పట్టుచీరలు నేసేవాడు. అవ్వ ప్రయాణాల కోసమే ఎవరో వాడిన ఆ కారును కొన్నాడు. ఆ రోజు దారిలో పొగలు కక్కి ఆగిపోయింది.

మేస్త్రి చాలాసేపు లోపలికి తొంగి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, ఉన్నది చెప్తాండా. ఇంజను మొత్తం దించల్ల. దానికయ్యే దుడ్లకు ఇట్లాంటి కారే ఇంకొకటి వస్తాది. పాత ఇనుములోకి ఇచ్చేయ్."

అవ్వ కిటికీలోంచి, "ఇచ్చేయండప్పా. బస్సులో పోతాం. బస్సులో అయితే మాట్లాడేకి మనుషులన్నా ఉంటారు. ఈయప్ప ధర్మవరంలో నోరు మూస్తే హిందూపురంలో తెరుస్తాడు" అంది. మేస్త్రి నవ్వాడు. తాత నవ్వలేదు.

నాయన అడిగాడు, "బాగు చేస్తే ఎన్నేండ్లు నడుస్తాది మేస్త్రీ?"

"రెండేండ్లకు ఢోకా లేదు."

నాయన తాత వైపు తిరిగి, గొంతు తగ్గించాననుకుని, "రెండేండ్లు మనకేం పని నాయనా, దసరా దాకా..." అని మధ్యలో ఆగిపోయాడు.

అంతకు ముందు వారం డాక్టరు తలుపు బయట ఏం చెప్పాడో వాళ్లిద్దరికీ తెలుసు. అవ్వకు ఎవరూ చెప్పలేదు. కిటికీ అద్దం మాత్రం దించే ఉంది. అవ్వ నా వైపు చూడకుండా సీసా కోసం చెయ్యి చాచింది. మూతలో నీళ్లు పోసి ఇచ్చాను. తాగకుండా పట్టుకుని కూర్చుంది.

అప్పుడు తాత మేస్త్రి దగ్గరికి వెళ్లి, షెడ్డంతా వినిపించేట్టు అన్నాడు. "రెండేండ్లా? చాలదు. నాలుగేండ్లు నడిచేట్ల చెయ్యి."

మేస్త్రి ఏదో చెప్పబోయి వెనక సీటు వైపు చూశాడు. ఆస్పత్రి సంచిని కూడా చూసినట్టున్నాడు. "నాలుగేండ్లంటే గేర్‌బాక్సు గూడా విప్పల్ల పెద్దాయనా" అన్నాడు, నిజమైన బేరంలో ఉన్నట్టే.

"విప్పు. ఆ వెనక సీటు గూడా మార్చు. స్ప్రింగు పొడుస్తాదని ఆమె ఒకటే సతాయింపు."

"ఇన్నాళ్లకు చెవికెక్కింది" అని అవ్వ మూతలో నీళ్లు తాగింది.

హిందూపురం బస్సు కోసం నిలబడినప్పుడు నాయన నేలచూపులు చూస్తున్నాడు. తాత కోప్పడలేదు. "మగ్గం మీద వార్పు చివరికొచ్చిందని పోగులన్నీ కోసి పారేస్తామేమిరా?" అని మాత్రం అడిగాడు. మా ఇంట్లో అలా ఎన్నడూ చేయలేదు. నిలువు పోగులు అయిపోవస్తుంటే వాటి చివరలను మగ్గంలోనే వదిలి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతికేవాళ్లు. అతకడానికి కొత్త పోగు దొరుకుతుందో లేదో తెలియని రోజుల్లో కూడా తాత ఆ చివరలను కోసేవాడు కాదు.

కొన్ని వారాలు బస్సులోనే తిరిగాం. కారు వచ్చిన రోజు అవ్వ కొత్త సీటును చేత్తో తట్టి చూసి, "ఇంక నాలుగేండ్లు నన్నెవరూ దించలేరు" అంది. వానలు మొదలైనప్పుడు పోయింది. ఆమెకు అంతా తెలుసునని మా అమ్మ తర్వాత చాలా ఏళ్లకు చెప్పింది. షెడ్డు నుంచి వచ్చిన రాత్రే అవ్వ అమ్మతో అందట: "మీ మామకు అబద్ధం చెప్పేది చేతగాదు. ఈ పొద్దు మాత్రం బాగా చెప్పినాడు."

నేనిప్పుడు హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతులు చూస్తాను. పాత యంత్రాన్ని బాగు చేయాలా, తీసేయాలా అని తేల్చడమే నా పని. మేస్త్రి లెక్క తప్పు కాదు. నాయన లెక్కా తప్పు కాదు. ఆ కారు ఈరోజు నా ముందుకొస్తే నేనూ తీసేయమనే రాస్తాను. తెలిసినవాళ్లు అప్పుడప్పుడు పాత కార్లు తెచ్చి, ఇంకెన్నాళ్లు నడుస్తుందని అడుగుతారు. బానెట్ ఎత్తే ముందు లోపల ఎవరు కూర్చున్నారో చూస్తాను. పెద్దవాళ్లుంటే, కారు యజమానిని టీ అంగడిదాకా నడిపించుకుపోయి అక్కడ చెబుతాను.

ఇంజను బాగు చేయించిన తర్వాత మా అవ్వ ఆ కారులో హిందూపురం వెళ్లింది తొమ్మిది సార్లు.