దయ్యం సద్దిలో ఏ కూర

నేను దయ్యాల కథలు రాస్తాను. రాసి, నేనే చదివి, ఫోన్లో రికార్డు చేసి, నా చానల్లో పెడతాను. రచయిత, గొంతు, బొమ్మలు, ప్రచారం అన్నీ నేనే కాబట్టి బయట స్వతంత్ర రచయిత అంటారు. ఇంట్లో 'ఖాళీగ ఉండుడు' అంటారు.

గోదావరిఖనిలో మా బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్‌కు రెండు గదులు. ఒకటి మా నాన్నది, మేం బాపు అంటాం. రెండోది నా స్టూడియో. స్టూడియో అంటే మంచం మీద ఒక బొంత. దాన్ని తల నిండా కప్పుకుని, ఫ్యాను ఆపి, వణికే గొంతుతో కథ చెప్పాలి. వణుకు కోసం ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, ఊపిరాడక అదే వస్తుంది. ఒకసారి కథ మధ్యలో ఓపెన్‌కాస్టు గనిలో పేల్చిన బ్లాస్టింగ్‌కు మా గూట్లో గిన్నెలన్నీ గలగలలాడాయి. సౌండ్ ఎఫెక్టు అదిరిందని శ్రోతలు రాశారు. నేను వినయంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ మెప్పులో కంపెనీకి వాటా ఇవ్వలేదు.

బాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. నైట్ షిఫ్టు వారంలో పగలంతా పడుకుంటాడు కాబట్టి ఆ వారం ఇంట్లో చప్పుడు చేయకూడదు, దయ్యానికి సెలవు. కథ ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు మొదట్లో 'సాంకేతిక కారణాలు' అని రాసేవాణ్ని. తర్వాత సిగ్గు విడిచి నిజం చెప్పేశాను. ఇప్పుడు ముఖం తెలియనివాళ్లు కూడా 'అన్నా, వచ్చే వారం బాపుది ఫస్ట్ షిఫ్టే కదా?' అని సంతోషంగా రాస్తుంటారు. ఆయన షిఫ్టులు మా అమ్మకన్నా వాళ్లకే బాగా గుర్తుంటాయి.

ఇలా ఉండగా బసంత్‌నగర్‌లో ఉండే మా బావ, సిమెంటు లారీలు తూచే కాంటా దగ్గర నాకో పని చూసిపెట్టాడు. నేను నీళ్లు నమిలాను. బాపు పెద్ద మనసు చేసుకుని, "ఏదో కథ చెప్తున్నవు గద, అది అయిపోంగనే పో" అన్నాడు. నేను సరేనన్నాను.

అంటే కథలో దయ్యం వెళ్లిపోయిన రోజు నేనూ వెళ్లాలి. దయ్యాన్ని వదిలించే మంత్రగాళ్లు ఊరూరా ఉంటారు. వదలకుండా పట్టుకున్నవాణ్ని నేనే.

మా దయ్యం గురించి రెండు మాటలు. బతికున్నప్పుడు ఒకామె బాయిలో పనిచేసే మొగుడికి టిఫిన్లో సద్ది పట్టుకుని బస్టాపుకు వచ్చేది. చచ్చాక ఆయన ఏ షిఫ్టో మరిచిపోయింది. అందుకని ప్రతి షిఫ్టు బస్సుకూ వచ్చి నిలబడి, దిగినవాణ్నల్లా "తిన్నవా?" అని అడుగుతుంది. అందరూ పరుగు. నేను ఆమెకు కోరలు పెట్టాను, పాదాలు వెనక్కి తిప్పాను, భయపెట్టడానికి చేయాల్సిందంతా చేశాను. జనం భయపడటం మానేసి, ఆ సద్దిలో ఏ కూర ఉందని కొట్లాటకు దిగారు. శ్రీరాంపూర్ నుంచి ఒకతను టిఫిన్ బొమ్మ గీసి పంపాడు. మూత పెట్టి ఉంది, జాగ్రత్తపరుడు.

మా గల్లీలో స్కూటర్లు బాగుచేసే చాచా అయితే తీర్పే చెప్పేశాడు.

"బెండకాయనే బేటా, పక్కా."

"ఎట్ల చెప్తవు చాచా? కోడికూర కావచ్చు గద?"

"కోడికూర అయితె ఆ మొగడే ఎతుక్కుంట వచ్చెటోడు."

నేను మాత్రం కథను లాగుతూనే ఉన్నాను. మంత్రగాణ్ని తెచ్చాను, పారిపోయేట్టు చేశాను, ఇంకొకణ్ని తెచ్చాను. 'అన్నా, సాగదీస్తున్నవు' అని రాసినవాళ్లకు, 'కళకు తొందర పనికిరాదు' అని జవాబిచ్చాను. కాంటాకు మాత్రం తొందరగానే ఉంది, బావ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

ఒక పొద్దున బాపు నైట్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఏందిరా, దాన్ని ఇంకెన్ని దినాలు నిలబెడ్తవు?"

"దేన్ని బాపు?"

"ఆ దయ్యాన్నే. బాయి బస్సుల ఫోన్ల పెట్టుకొని వింటున్నరు. ఎక్కితె అదే ముచ్చట, దిగితె అదే ముచ్చట. నీ కొడుక్కు దయ లేదా అని నన్ను పట్టుకుంటున్నరు."

"నువ్వు వినవు గద?"

"నేనేడ వింటున్న? వాళ్లు పెడ్తరు. చెవులకు మూతలుంటయా?" బూటు తాడు లాగాడు. "మొగడు రాడని అందరికి ఎర్కనే. ఒక్కడన్న కూసుండి ఆ సద్ది తింటె పోతది గద పాపం. పొద్దందాక పట్టుకొని నిలబడితె చేతులు గుంజవా?"

కోరల గురించి అంత ఆలోచించాను గానీ, చేతులు గుంజుతాయని నాకు తట్టలేదు.

"అది పోతె నేను గూడ పోవాలె బాపు. బసంత్‌నగర్."

"నువ్వు బస్సుల కూసుండి పోతవు. అది నిలబడ్డది."

కన్నకొడుకు, దయ్యం పోటీలో నిలబడితే ఫలితం ఇది. ఇంకో మంత్రగాణ్ని తెచ్చే ముఖం లేక, అప్పటికప్పుడు కూర్చుని రాశాను. డ్యూటీ దిగిన ఒక ముసలి కార్మికుడు పారిపోకుండా బస్టాపులో కూర్చుంటాడు. "తిన్నవా?" అంటే, "లేదు బిడ్డా, పెట్టు" అంటాడు.

"నేను పండుకున్నా సరే, నువ్వు చదువు" అన్నాడు బాపు. నైట్ షిఫ్టు వారంలో దయ్యం పనిలోకి రావడం అదే మొదటిసారి. బొంత కప్పుకుని మొదలుపెట్టాను. పక్క గదిలో గురక కథతోపాటే నడిచింది. ముసలాయన సద్ది మూత తీసేచోట గురక ఆగిపోయింది. దయ్యం ఖాళీ టిఫిన్ తీసుకుని వెళ్లిపోయేచోట నా గొంతు నిజంగానే వణికింది. బొంత వల్లే.

బయటికి వచ్చేసరికి అమ్మ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందంట. బసంత్‌నగర్ బావకు చెప్పాల్నా?" అని బాపు గదిలోకి కేకేసింది.

"ఏడ అయిపోయింది?" దుప్పట్లోంచే వచ్చింది జవాబు. "గాయన మూత తీసిండు, తిన్నడు, చెయ్యి కడిగిండు. కూరేందో చెప్పిండా వీడు? రాత్రికి బస్సుల అడిగితె నేనేం జెప్పాలె? ఇంక అయిపోలే."

అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ బావ నంబరు నొక్కలేదు.

"గోకరకాయ అయ్యుంటది" అని ఫోన్ తీసుకెళ్లి గూట్లో పెట్టేసింది.