పెట్టె మూత మీద పచ్చసొన

చర్ల నుంచి భద్రాచలం వచ్చే బస్సులో నా ఒళ్ళో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో ఎక్స్‌రేలు ఎక్కడ పడ్డాయో చెప్పే పరికరం, మా ప్రయోగశాలలో మేము సొంతంగా తయారుచేసింది. దాని తీగలు వెంట్రుక కన్నా సన్నం. గుంత వచ్చినప్పుడల్లా పెట్టెను ఎత్తి పట్టుకుంటున్నాను. పక్క సీట్లో పెద్దావిడ కూడా తన గుడ్ల గంపను అలాగే ఎత్తుతోంది.

“ఏంది బిడ్డా అందుల?”

“సన్నటి తీగలమ్మా. అదిరితే తెగిపోతాయి.”

“చేతులు గుంజుతున్నట్టున్నయ్. ఇటియ్యి. నా గంప అల్కగుంటది, నువ్వు పట్టు.”

మార్చుకున్నాం. కాసేపటికి బస్సు పెద్ద గుంతలో పడింది. నేను గంప సంగతి మరిచిపోయి రెండు చేతులూ పెట్టె వైపు చాచాను. ఆమె చేతుల్లో పెట్టె కదలనేలేదు. గంప మాత్రం ఒరిగి, గుడ్లు నా కాళ్ళ మీద పగిలాయి.

గబగబా వంగి, సొనలో తడిసిన గంపను సర్దాను.

“కోడి మళ్ళ పెడ్తది తియ్యి. నీ తీగెలు ఏ కోడి పెడ్తది?” అందామె.

వెనక సీటువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వుతూ, గంప సర్దిన చేతులతోనే పెట్టె తీసుకున్నాను.

ప్రయోగశాలలో పరీక్షిస్తే ఒక్క తీగా తెగలేదు. ఆ పరికరం చాలా ఏళ్ళు పనిచేసింది. మూత మీద నా వేళ్ళ పచ్చసొన మరకలు అలాగే ఎండిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళు తుడవబోతే, అవి కొలతలు సరిచూసుకునే కాలిబ్రేషన్ గుర్తులు, ముట్టుకోవద్దనేవాణ్ణి.