పప్పు ఉడికిన నీళ్లు

మా వీధి చివర నీళ్ల ట్యాంకు కింద ఒక నల్లరాయి ఉంది. దాని మీద ఆరు పేర్లు చెక్కించారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ప్రారంభోత్సవం రోజు తప్ప మా ఊరి ముఖం చూడలేదు. నా పేరు లేదు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు నన్ను ముందుకు రమ్మన్నవాళ్లు కూడా లేరు. ఇన్నేళ్లలో ఈ నీళ్లు ఎలా వచ్చాయని నన్ను అడిగిన మనిషి లేడు. అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. రాయడానికి కూర్చున్నాక, తిట్టాల్సినవాళ్ల కంటే దండం పెట్టాల్సినవాళ్లే ఎక్కువమంది తేలారు. ఇది నేను అనుకోలేదు.

మాది పుంగనూరు దగ్గర పల్లె. అప్పట్లో వీధికంతా ఒకటే చేదబావి. ఆ నీళ్లకు దాహం తీరేది కానీ, అందులో కందిపప్పు ఉడికేది కాదు. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకులు పలుకులుగానే ఉండేది. మా పక్క నీళ్లకు తరతరాలుగా ఒకటే పరీక్ష. పప్పు ఉడికితే మంచి నీళ్లు, ఉడక్కపోతే చెడ్డవి.

అందుకని తొంభైల్లో మా వీధికి చేతిపంపు బోరు కావాలని అర్జీలు పెట్టాను. మొదటి అర్జీ మీద పుంగనూరు ఆఫీసులో గుమాస్తా టీ గ్లాసు పెట్టాడు. మరుసటి నెల వెళితే ఆ గుండ్రటి మరకతో కాగితం అక్కడే ఉంది. ఆ పై నెల అదీ లేదు.

"ఎప్పుడిచ్చినావు? రశీదు ఉండాదా?" అన్నాడు.

ఆ రోజుల్లో అర్జీకి రశీదు ఇచ్చే అలవాటే లేదు. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. మళ్లీ రాశాను. మళ్లీ పోయింది. మళ్లీ రాశాను. మూడేళ్లకు బోరు లారీ వచ్చింది. మొదటి బిందె నీళ్లతో మా ఆవిడ పప్పు పెడితే అరగంటలో వెన్నలాగా మెత్తబడింది. వీధి మొత్తం నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే.

మా పెద్దమ్మాయి ఆ ఏడే పుట్టింది. పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వచ్చేసరికి వాటి మీద సున్నం పూసినట్టు మచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు. సరిగా తోమడం లేదని రోజూ తిట్టేవాణ్ని. ఉప్పు పెట్టి, బొగ్గు పెట్టి చిగుళ్లు మండేదాకా తోమించాను. బడిలో ఫోటో తీసినప్పుడు అందరూ నవ్వుతుంటే అది పెదాలు బిగించుకుని నిలబడింది. నాకు జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తే. నేను చేసిన వాటిలో మాత్రం ఇదే అన్నిటికంటే ముందు గుర్తొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో కుప్పం పక్కన ఉండే మా అక్క ఇంటికి వెళ్లాం. చిన్నమ్మాయికి అప్పుడు రెండో ఏడు. నీళ్లు మారితే జలుబు చేస్తుందని మా ఆవిడ దానికోసం మా బోరు నీళ్లు రెండు సీసాల్లో పట్టుకొచ్చింది. అక్క వాళ్ల వీధిలో చేతిపంపుకు ఎర్రరంగు పూసి ఉంది. ఆడవాళ్లు దాన్ని దాటుకుని దూరంగా ఉన్న కొళాయికి పోతున్నారు.

"ఆ నీళ్లు తాగకూడదంటప్పా. ఒకమ్మ పెట్టె తెచ్చి అన్ని నీళ్లకూ పరీక్ష చేస్తాండాది" అంది అక్క.

ఆ అమ్మ పంచాయతీ అరుగు మీదే కూర్చుని ఉంది. ముందర చిన్న పెట్టె, గాజుగొట్టాలు, ఒక మందు సీసా. నీళ్లలో ఆ మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. ఎర్రగా నిలిస్తే తాగొచ్చు. పసుపుకు తిరిగితే అందులో ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. ఊరికే చూద్దామని మా సీసా ఇచ్చాను.

"యాడి నీళ్లన్నా ఇవి?"

"మా ఊరివి. నేను కొట్లాడి వేయించిన బోరువి" అన్నాను గొప్పగా.

చుక్కలు పడ్డాయి. గొట్టంలో నీళ్లు పచ్చటి పసుపైపోయాయి.

"పసుపు మంచిదే కదమ్మా" అంది మా ఆవిడ.

"ముఖానికి మంచిదేక్కా. ఈడ కాదు" అని ఆమె మా పెద్దదాని వైపు చూసింది. "పాపా, పళ్లు సూపించు."

అది నోరు మూసుకుంది.

"నువ్వు తోమకపోతే వచ్చింది కాదు పాపా ఇది. నీళ్లతో వచ్చింది."

అప్పుడు మా అమ్మాయి ఆమెను చూడలేదు. నన్ను చూసింది.

పెద్దదానికి వచ్చేసిన పళ్లు ఇక మారవట. చిన్నదానికి పాలపళ్లే వచ్చాయి, అసలు పళ్లు చిగుళ్ల లోపల ఇప్పుడే తయారవుతున్నాయట. "ఇప్పుడే నీళ్లు మారిస్తే ఆ పళ్లన్నా దక్కుతాయన్నా" అంది. ఆమె ఊరేదో కూడా నేను అడగలేదు. రంగు మారే ఆ నాలుగు చుక్కలు నాకు చెప్పినంత నిజం అంతవరకూ ఏ ఆఫీసూ చెప్పలేదు.

ఊరికి రాగానే బోరు నీళ్లొక సీసా, పాత చేదబావి నీళ్లొక సీసా మదనపల్లెలో పరీక్షలు చేసే చోటికి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, అంతకుముందు ఏ ఆఫీసులోనూ నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. వారం తర్వాత కాగితం చేతికిచ్చి విడమర్చి చెప్పాడు. బోరు నీళ్లు తాగడానికి పనికిరావు. బావి నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి పప్పు ఉడకదు, అంతే. పూడిక తీసి, మూత వేసి, క్లోరిన్ కలిపితే నిశ్చింతగా తాగొచ్చు. ఇన్నాళ్లూ మేము మంచివాటిని వదిలేసి చెడ్డవాటికి మొక్కామన్నమాట.

ఈ మాట వీధిలో చెబితే చిల్లర అంగడాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వే తెస్తివి, నువ్వే వద్దంటాండావు. రేపు సూర్యుడి మీద గూడా అర్జీ పెడతావేందప్పా?"

"ఆ బాయి నీళ్లల్లో పప్పు ఉడకాలంటే కొండ మింద కట్టెలన్నీ కొట్టుకోని రావాల. యాల మాకా కర్మ?" అన్నారు ఆడవాళ్లు.

బావి బాగుచేసి ట్యాంకు కట్టించమని కొత్త అర్జీ రాశాను. వాళ్లు సంతకాలు పెట్టకపోతే అది నా ఒక్కడి పిచ్చిగానే మిగిలిపోతుంది. నేను వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాను. మా ఆవిడ అటక మీది ప్రెషర్ కుక్కర్ దించి, కిరసనాయిలు స్టవ్వు అంగడి ముందు అరుగు మీద పెట్టి, అందరూ చూస్తుండగా బావి నీళ్లు చేది కందిపప్పు వేసింది. అంగడాయన ఎగతాళిగా కూతలు లెక్కపెట్టాడు. ఆరో కూతకు దించింది. మూత తీసి గరిటెతో ఒక్కసారి ఎనిపింది. ముద్దైపోయింది.

"ఏందీ, ఆ బాయి నీళ్లేనా?" అని ఒక ముసలామె వేలు పెట్టి నాకి చూసింది. తర్వాత ఆమే మొదటి వేలిముద్ర వేసింది. అంగడాయన రెండో సంతకం పెట్టాడు, నవ్వుతూనే.

సోమవారం అర్జీ పట్టుకుని పుంగనూరు వెళ్లాను. ఈసారి అక్కడ కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చున్న అమ్మాయి నేను చెప్పిందంతా టైపు చేసి, ఒక చీటీ అచ్చువేసి ఇచ్చింది. దాని మీద నంబరు, తేదీ.

"ఇది పోగొట్టుకోవద్దు పెద్దాయనా. ఈ నంబరు చెబితే నీ అర్జీ యాడుండాదో యాడైనా సూస్తారు."

చీటీని మడతపెట్టి జేబులో దాచుకున్నాను. నా కాగితం మీద టీ గ్లాసు పెట్టే అవకాశం ఇక ఎవరికీ లేదు. మూడు నెలలకు మదనపల్లెలో పెద్ద ఆఫీసుకు వెళ్లి నంబరు చెబితే, అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిందో తెర మీద కనబడింది. ఆ బల్ల ముందుకే వెళ్లి నిలబడ్డాను. పోయింది అనడానికి ఆ బల్ల దగ్గరి ఆయనకు వీల్లేకపోయింది. ఆ ఏడాదే బావి పూడిక తీశారు, మూత పడింది, మోటారు, ట్యాంకు వచ్చాయి. చేతిపంపుకు ఎర్రరంగు నేనే పూశాను.

మా చిన్నమ్మాయికి అసలు పళ్లు వచ్చాయి. మల్లెమొగ్గల్లాగా ఉన్నాయి. అది నోరంతా తెరిచి నవ్వుతుంది. పక్కనే పెద్దది చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. చుక్కల మందు అమ్మకు, కుర్చీ వేసిన పెద్దాయనకు, చీటీ ఇచ్చిన అమ్మాయికి, ఆ కుక్కర్‌కు, దాన్ని అటక మీదినుంచి దించిన మనిషికి నా నమస్కారం. రాయి మీద నా పేరు సంగతి తర్వాత చూసుకుందాం. మరిచిపోయానని మాత్రం అనుకోవద్దు.

ఒక సంగతి మిగిలింది. తర్వాత మా చుట్టుపక్కల పల్లెల్లోని బోర్లన్నిటికీ నీళ్ల పరీక్ష చేశారు. ఫలితాలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి, గోడ మీద ఒక్కటీ లేదు. చెడ్డ బోర్లకు ఎర్రరంగు వేయించమని రెండో అర్జీ పెట్టాను. చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. ఎప్పుడు అడిగినా 'పరిశీలనలో ఉంది' అనే వస్తుంది. మీరు పరిశీలిస్తున్నంతసేపు పిల్లల చిగుళ్లలో పళ్లు ఆగవు. ఆ తెర ముందు ఇప్పుడు కూర్చున్నది ఎవరైనా సరే, నంబరు చెబుతాను, రాసుకోండి. ఆ పంపులకు ఎర్రరంగు ఏ రోజు వేస్తారు? నాకు జవాబు కావాలి, కాగితం మీద, తేదీ వేసి.